మక్కికి మక్కి: ఈగల వంశవృక్షం, జన్యుసాక్ష్యం - పాఠవిమర్శ దృష్టి

వ్యాస సంగ్రహం

తాళపత్ర ప్రతుల మధ్య చుట్టరికాన్ని పాఠపరిష్కర్త లేఖక దోషాల ఆధారంగా నిర్ణయిస్తాడు. జీవుల మధ్య చుట్టరికాన్ని జీవశాస్త్రవేత్త డీఎన్ఏలోని మార్పుల ఆధారంగా నిర్ణయిస్తాడు. ఈ రెండు పనుల వెనుక ఉన్న తర్కం ఒక్కటేనని, కాబట్టి రెండింటికీ ఎదురయ్యే ప్రమాదాలు కూడా ఒక్కటేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈగలు, దోమలు చేరిన డిప్టెరా అనే రెండురెక్కల కీటకాల క్రమం ఇందుకు ఉదాహరణ. "డీఎన్ఏ తేల్చింది" అనే మాట తెలుగు విజ్ఞాన రచనలో చర్చను ముగించే వాక్యంగా స్థిరపడడాన్ని ఈ వ్యాసం విమర్శిస్తుంది.

కీలక పదాలు: పాఠవిమర్శ, జన్యుసాక్ష్యం, డిప్టెరా, డ్రోసోఫిలా, అనాఫిలిస్, ప్రతిలేఖన దోషం, వంశవృక్షం, హైదరాబాద్.

ఉపోద్ఘాతం

హైదరాబాద్ పాతబస్తీలో ఛత్తా బజార్ ముద్రణకు పేరుపడిన వీధి. పెళ్లిపత్రికలూ రసీదు పుస్తకాలూ అచ్చయ్యే ఆ వీధిలో కంప్యూటరు రాకముందు ఉర్దూ కాతిబ్‌లు చేత్తో రాసిన ప్రతులే అచ్చుకు వెళ్లేవి. ఆ వృత్తిని ఎగతాళి చేసే కథ ఒకటి చాలాకాలంగా ప్రచారంలో ఉంది. ఒక లేఖకుడు గ్రంథాన్ని నకలు చేస్తూ ఒక పుటకు వచ్చేసరికి మాతృకలో ఎప్పుడో నలిగి అతుక్కుపోయిన ఈగ కనిపించింది. ఉన్నది ఉన్నట్టు దించడం తన ధర్మం కనుక అతడు ఒక ఈగను పట్టి చంపి, తన ప్రతిలో సరిగ్గా అదే చోట అతికించాడట. ఉర్దూలో మక్ఖీ అంటే ఈగ. మన "మక్కికి మక్కి" అనే పలుకుబడికి మూలం ఈ కథేనని చెబుతారు. విద్యార్థి మరొకరి వ్యాసాన్ని దించినప్పుడు మనం ఈ మాటను నిందగా వాడతాం.

పాఠపరిష్కర్త దృష్టితో చూస్తే ఈ కథ అర్థం తిరగబడుతుంది. వందేళ్ల తర్వాత ఆ గ్రంథానికి ఇరవై ప్రతులు దొరికాయనుకుందాం. అందులో ఏడింటిలో ఒకే శ్లోకం పక్కన ఈగ మరక ఉంటే, ఆ ఏడూ ఒకే మాతృక నుంచి వచ్చినవని చెప్పడానికి అంతకు మించిన ఆధారం అక్కరలేదు. మందమతి అని మనం నవ్వుకున్న లేఖకుడే మనకు అత్యంత విలువైన సాక్షి అవుతాడు. ఈగను తుడిచేసి, పక్కనున్న అక్షరాన్ని కూడా తన పాండిత్యంతో సవరించిన తెలివైన లేఖకుడు ఆ సాక్ష్యాన్ని చెరిపేసినవాడవుతాడు.

ఈగల డీఎన్ఏ చదివి వాటి చుట్టరికాన్ని నిర్ణయించే శాస్త్రమంతా ఈ సూత్రం మీదే నిలబడి ఉంది.

ఒకే ఒప్పు, ఒకే తప్పు

జవాబుపత్రాలు దిద్దిన అధ్యాపకులకు ఈ సూత్రాన్ని వివరించవలసిన పనిలేదు. ఇద్దరు విద్యార్థులు నన్నయ కాలాన్ని ఒకేలా సరిగ్గా రాస్తే అనుమానించడానికి ఏమీ లేదు. ఇద్దరూ తిక్కన రాజును రుద్రమదేవి అని రాస్తే, వారు ఎక్కడ కూర్చున్నారో వెంటనే చూస్తాం. ఒప్పు ఎవరికైనా విడివిడిగా వస్తుంది. అరుదైన తప్పు ఇద్దరికీ ఒకేలా రావాలంటే ఏదో సంబంధం ఉండాలి.

పంతొమ్మిదవ శతాబ్దపు జర్మన్ పండితుడు కార్ల్ లాఖ్‌మాన్ పేరుతో ముడిపడిన పాఠపరిష్కరణ పద్ధతికి ఇదే పునాది. వి.ఎస్. సుఖ్‌థంకర్ 1933లో పూర్తిచేసిన మహాభారత ఆదిపర్వ సంశోధిత ప్రతిలో వివిధ లిపుల ప్రతులకు వంశవృక్షం గీసినప్పుడు ఈ తర్కాన్నే వాడాడు. తెలుగు లిపి ప్రతులను దాక్షిణాత్య శాఖలో చేర్చింది కూడా ఈ తర్కంతోనే. అంతకు శతాబ్దం ముందే సి.పి. బ్రౌన్ వేమన పద్యాలకూ మనుచరిత్రకూ అనేక ప్రతులు సేకరించి, పండితులచేత పాఠాలు పోల్పించాడు. అయితే బ్రౌన్ కోరుకున్నది శుద్ధమైన పాఠం. ప్రతుల చుట్టరికం అతనికి ప్రధానం కాదు. ఈ భేదం ముఖ్యం. శుద్ధపాఠం కావాలనుకునేవాడికి తప్పు అడ్డంకిగా కనిపిస్తుంది. వంశక్రమం వెదికేవాడికి ఆ తప్పే ఆధారం.

జీవశాస్త్రంలో ఈ భేదాన్ని స్పష్టంగా చెప్పినవాడు విల్లీ హెన్నిగ్. పోలికలన్నీ చుట్టరికానికి సాక్ష్యం కావని, పూర్వజుని నుంచి మారకుండా వచ్చిన పోలిక దేనినీ నిరూపించదని, ఉమ్మడిగా కొత్తగా వచ్చిన మార్పు ఒక్కటే శాఖను నిరూపిస్తుందని అతడు 1950లో వెలువడిన గ్రంథంలో ప్రతిపాదించాడు. హెన్నిగ్ వృత్తిరీత్యా ఈగల నిపుణుడన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం తరఫున మలేరియా నివారణ పనిలో ఉండి, 1945లో ఇటలీలో బ్రిటిష్ వారికి యుద్ధఖైదీగా చిక్కినప్పుడు ఆ గ్రంథం తొలి చిత్తుప్రతి రాశాడు. సాలెపురుగుల నిపుణుడు నార్మన్ ప్లాట్‌నిక్, ప్రాచీన భాషల పండితుడు డాన్ కామెరాన్ కలిసి 1977లో రాసిన వ్యాసంలో పాఠపరిష్కరణ, భాషాచరిత్ర, జీవవర్గీకరణ - మూడూ ఒకే తర్కాన్ని విడివిడిగా కనుగొన్నాయని చూపారు.

ఇందులో రెండవదానికి హైదరాబాద్ నుంచే ఒక ఉదాహరణ ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి, లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫోర్త్ 1983లో 'లాంగ్వేజ్' పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, తెలుగుకు దగ్గరి చుట్టాలైన గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషలను తీసుకొని, ఒక ధ్వనిమార్పు ఏ పదాలకు వ్యాపించింది, ఏ పదాలకు వ్యాపించలేదు అని లెక్కించారు. ఆరు భాషలకు సాధ్యమయ్యే ద్విశాఖ వృక్షాలు 945. వాటిలో ఏది దత్తాంశానికి సరిపోతుందన్నది ప్రశ్న. పది ఈగజాతులు తీసుకుంటే సాధ్యమైన వృక్షాల సంఖ్య 3,44,59,425 అవుతుంది. వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కళ్లతో చూసి చేసే పని కాదు. లెక్క వేయాలి. లెక్కకు ముందు ఏది తప్పు, ఏది ఒప్పు, ఏది కాకతాళీయం అన్న విమర్శ ఉండాలి.

ఈగ అనే మాట

తెలుగులో ఈగ అనే మాట చాలా ఉదారమైనది. ఈగ, జోరీగ సరే. తేనెటీగ, కందిరీగ కూడా ఈగలే. తూనీగలోనూ అదే వినిపిస్తుంది. దోమకు మాత్రం ఆ పేరులో చోటు లేదు. ఉర్దూ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పాతబస్తీ విద్యార్థులు కూడా ఇదే చెబుతారు: శహద్ కీ మక్ఖీ ఉంది, మచ్ఛర్ వేరు. సంస్కృతంలోనూ మధుమక్షిక ఉంది, మశకం వేరు.

జన్యుసాక్ష్యం ఈ కుటుంబాన్ని మరోలా విడదీస్తుంది. దోమ నిక్కమైన ఈగల క్రమానికి చెందినది. తేనెటీగా కందిరీగా చీమలతో కలిసి వేరే క్రమంలో ఉంటాయి. తూనీగ ఇంకా దూరపు శాఖ. దోమకూ ఈగకూ ఉమ్మడిగా ఉన్న కొత్తదనం కంటికి కనిపించేదే: వెనుక రెక్కల జత ఎగిరేటప్పుడు సమతూకం నిలిపే చిన్న గదల్లాగా మారింది. అందుకే వీటికి రెండు రెక్కలే మిగిలాయి.

ఇక్కడ తెలుగు విజ్ఞాన రచయితలు తరచు చేసే పొరపాటు ఒకటి ఉంది. "తెలుగువారు తేనెటీగను పొరపాటున ఈగ అన్నారు, శాస్త్రం సరిదిద్దింది" అని రాస్తారు. వాడుకపేరు చూపును, రూపును చెబుతుంది. వంశవృక్షం పుట్టుకను చెబుతుంది. ఒకటి రెండవదాన్ని ఖండించదు. శాస్త్రజ్ఞుల నామకరణంలోనూ ఈ ఘర్షణ తప్పలేదు. డ్రోసోఫిలా అనే ప్రజాతిని ఫాలెన్ 1823లో స్థాపించాడు. దానికి నమూనా జాతి డ్రోసోఫిలా ఫునెబ్రిస్. ప్రయోగశాలలో జగత్ప్రసిద్ధమైన డ్రోసోఫిలా మెలనోగాస్టర్‌ను మైగెన్ 1830లో వర్ణించాడు. డీఎన్ఏ ఆధారంగా గీసిన వృక్షాల్లో ఈ రెండూ దూరదూర శాఖల్లో పడ్డాయి, మధ్యలో వేరే పేర్లున్న ప్రజాతులు వచ్చి చేరాయి. వృక్షాన్ని అక్షరాలా పాటించి ప్రజాతిని విడదీస్తే మెలనోగాస్టర్ పేరు సోఫోఫోరా మెలనోగాస్టర్ కావాలి. పేరు మారకుండా మెలనోగాస్టర్‌నే నమూనాజాతిగా ప్రకటించమని కొందరు అంతర్జాతీయ జంతునామకరణ సంఘాన్ని కోరారు. 2010లో సంఘం ఆ కోరికను తిరస్కరించింది. అయినా వేలాది ప్రయోగశాలల్లో దాని పేరు ఇప్పటికీ డ్రోసోఫిలాయే. తేనెటీగను ఈగ అన్నందుకు తెలుగు నిఘంటువును తప్పుపట్టేవారు ఈ సంగతిని కూడా గుర్తుంచుకుంటే బాగుంటుంది.

తిరగబడిన పుటలు

డీఎన్ఏ అక్షరాలను చదవడం సాధ్యం కాకముందే ఈగల జన్యుసాక్ష్యం చదివారు. ఈగ శిశుదశలో లాలాజల గ్రంథుల్లోని క్రోమోసోములు అసాధారణంగా లావుగా, అడ్డచారలతో ఉంటాయి. ఆ చారల క్రమం దాదాపు పుటసంఖ్యల వంటిది. కొన్నిసార్లు క్రోమోసోములో ఒక ముక్క విరిగి తలకిందులుగా అతుక్కుంటుంది. పుస్తకం కుట్టేవాడు ఒక కట్టను తిరగేసి కుట్టినట్టు. అలా కుట్టిన ప్రతి నుంచి వచ్చిన నకళ్లన్నిటిలో అదే కట్ట తిరగబడి ఉంటుంది.

స్టర్టెవంట్, డాబ్‌ఝాన్‌స్కీ 1936లో డ్రోసోఫిలా సూడోఆబ్‌స్క్యూరా మూడవ క్రోమోసోములో ఇటువంటి విలోమాలను పోల్చారు. ఒకదానిపై ఒకటి పడిన విలోమాలను చూసి ఏది ముందో ఏది వెనుకో క్రమం పెట్టారు. రెండు అమరికల మధ్య తప్పనిసరిగా ఉండవలసిన మధ్యస్థ అమరిక దొరకనప్పుడు దానిని ఊహించి "హైపోథెటికల్" అనే పేరే పెట్టారు. దొరకని మాతృకను ఊహించి దానికి ఒక సంకేతాక్షరం ఇవ్వడం పాఠపరిష్కర్తలకు నిత్యకృత్యం.

ఈ పద్ధతి మన దేశంలో కేవలం విద్యావిషయంగా మిగలలేదు. గ్రామీణ భారతంలో మలేరియాను మోసే అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ దోమను 1901లో ఒకే జాతిగా వర్ణించారు. 1980 నుంచి క్రోమోసోము విలోమాలను పరిశీలించగా అది ఒక జాతి కాదని, కంటికి తేడా తెలియని సోదరజాతుల గుంపు అని తేలింది. ఇప్పుడు ఎ, బి, సి, డి, ఇ అనే ఐదు జాతులను గుర్తిస్తున్నారు. ఇందులో బి జాతి మలేరియాను మోయడంలో బలహీనమైనది. మైటోకాండ్రియా డీఎన్ఏ సాక్ష్యం ఎ, డి జాతులను ఒక శాఖలోను, బి, సి, ఇ జాతులను మరొక శాఖలోను పెడుతుంది. ఏ ఊళ్లో ఏ జాతి ఉందో తెలియకుండా మందు చల్లితే, వ్యాధిని మోయని దోమ కోసం ఖర్చు పెట్టినట్టవుతుంది. వంశవృక్షం గురించి ఇంత పట్టింపు ఎందుకని అడిగేవారికి ఇది చాలదూ?

ఈగల ఉచ్చు

డీఎన్ఏ అక్షరాలు నేరుగా చదవడం మొదలయ్యాక సాక్ష్యం విపరీతంగా పెరిగింది. దానితోపాటు మోసపోయే అవకాశమూ పెరిగింది. ఇందుకు అన్నిటికంటే బోధించదగిన ఉదాహరణ స్ట్రెప్సిప్టెరా వివాదం.

స్ట్రెప్సిప్టెరా తేనెటీగలు, కందిరీగలు మొదలైన కీటకాల శరీరంలో పరాన్నజీవులుగా బతికే చిన్న కీటకాలు. వీటి మగవాటిలో ముందు రెక్కల జత చిన్న గదల్లా కుదించుకుపోయి ఉంటుంది. ఈగల్లో వెనుక జత అలా మారింది, వీటిలో ముందు జత. 1990లలో మైఖేల్ వైటింగ్, వార్డ్ వీలర్ తదితరులు రైబోసోమల్ ఆర్ఎన్ఏ జన్యువును పోల్చి, స్ట్రెప్సిప్టెరా ఈగలకు అత్యంత సన్నిహిత బంధువులని ప్రకటించారు. శరీరభాగాల గుర్తింపును నియంత్రించే జన్యువుల్లో తారుమారు జరిగి, ఒక ఖండంలో ఉండవలసిన అవయవం మరొక ఖండంలో వచ్చి ఉంటుందని కూడా ఊహించారు. ఆ ఊహ ఆకాశం నుంచి ఊడిపడినది కాదు. అల్ట్రాబైథొరాక్స్ జన్యువులో మార్పు వస్తే మెలనోగాస్టర్‌కు గదల స్థానంలో రెక్కలు మొలిచి నాలుగు రెక్కల ఈగ అవుతుందన్న సంగతి అప్పటికే ప్రసిద్ధం. డీఎన్ఏ సాక్ష్యం, అవయవ సాక్ష్యం, నమ్మదగిన కార్యకారణ కథ - మూడూ కలిశాయి. "డీఎన్ఏ తేల్చింది" అని రాయడానికి ఇంతకంటే మంచి సందర్భం ఉండదు.

తేలలేదు. స్ట్రెప్సిప్టెరాలో ఆ జన్యువు చాలా వేగంగా మారింది. ఈగల్లోనూ ఇతర కీటకాలతో పోలిస్తే వేగంగానే మారింది. డీఎన్ఏ లిపిలో ఉన్న అక్షరాలు నాలుగే. ఇద్దరు పరమ అజాగ్రత్త లేఖకులు వేర్వేరు ఊళ్లలో వేలకొద్దీ తప్పులు చేస్తే, నాలుగక్షరాల లిపిలో వారి తప్పుల్లో కొన్ని యాదృచ్ఛికంగా కలిసి తీరతాయి. తప్పులు లెక్కపెట్టే పరిష్కర్త వాళ్లిద్దరినీ ఒకే గురువు శిష్యులని పొరబడతాడు. పొడవైన శాఖలు ఒకదాన్నొకటి ఆకర్షించే ఈ ప్రమాదాన్ని జోసెఫ్ ఫెల్సెన్‌స్టీన్ 1978లోనే గణితపరంగా చూపాడు. 1997లో జాన్ హ్యూల్సెన్‌బెక్ స్ట్రెప్సిప్టెరా దత్తాంశాన్ని తిరిగి పరిశీలించి, ఈగలతో వాటి చుట్టరికం ఈ ఆకర్షణ ఫలితం కావచ్చని వాదించాడు. ఆ ప్రమాదమండలం ఈగల ఉచ్చా అని తన వ్యాసశీర్షికలోనే అడిగాడు. 2012లో ఒక స్ట్రెప్సిప్టెరా జాతి పూర్తి జీనోమ్ చదివాక, అవి పెంకుపురుగుల సన్నిహిత బంధువులని బలమైన సాక్ష్యం దొరికింది. ఈగలకు అసలు దగ్గరివి వేరే చిన్న క్రమాల కీటకాలు.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. మొదటి వాదాన్ని పడగొట్టినది డీఎన్ఏకు బయట ఉన్న సాక్ష్యం కాదు. అదే సాక్ష్యాన్ని మరింత విమర్శతో చదవడమే దాన్ని పడగొట్టింది. జన్యువులను విశ్వసించరాదని దీనినుంచి నిర్ణయించేవారు కూడా అంతే పొరబడతారు.

ఇదే జాతి ప్రమాదం హైదరాబాద్ చరిత్రలోనూ ఉంది. సీసీఎంబీలో 1980ల చివర డీఎన్ఏ వేలిముద్రల పద్ధతికి ఉపయోగపడిన శోధిని పేరు బీకేఎం. లాల్జీ సింగ్, కె.డబ్ల్యు. జోన్స్ దీనిని పసుపు పట్టీల కట్లపాము డీఎన్ఏలో గుర్తించారు. జీఏటీఏ అనే నాలుగక్షరాలు పదేపదే రావడం దీని స్వభావం. ఆ శోధిని ఎలుకలోనూ, డ్రోసోఫిలాలోనూ అతుక్కుంది. పాముకూ ఎలుకకూ ఈగకూ ఉమ్మడి పూర్వజుని నుంచి కోట్ల ఏళ్లుగా కాపాడుకుంటూ వచ్చిన క్రమం ఇదని కొందరు భావించారు. 1985లో లెవిన్సన్ బృందం ఈ మూడింటిలోని క్రమాలు విడివిడిగా పుట్టి ఉండవచ్చని వాదించింది. చిన్న పదాన్ని రెండుసార్లు, మూడుసార్లు రాసేయడం ఏ లేఖకుడికైనా జరిగే పొరపాటు. అది ఎన్ని ప్రతుల్లో కనిపించినా చుట్టరికానికి సాక్ష్యం కాదు. నేరస్థుణ్ణి గుర్తించడానికి అద్భుతంగా పనికొచ్చిన క్రమం, వంశవృక్షం గీయడానికి పనికిరాకపోవచ్చు. పని మారితే సాక్ష్యం విలువ మారుతుంది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా అక్కడిదే. సీసీఎంబీలో రాకేశ్ మిశ్రా బృందం అనాఫిలిస్ గాంబియే దోమలో శరీరఖండాలను నిర్ణయించే జన్యువుల మధ్య హద్దుగా పనిచేసే డీఎన్ఏ ముక్కలను గుర్తించి, డ్రోసోఫిలాలో ప్రవేశపెట్టి పరీక్షించి, అవి అక్కడా హద్దుల్లాగే పనిచేస్తాయని 2013లో ప్రకటించింది. దోమ, ఈగ శాఖలు విడిపోయి దాదాపు 25 కోట్ల సంవత్సరాలైంది. అక్షరాలు ఇంత మారినా పని మారలేదు. ప్రకృతివరణాన్ని నేను పండిత లేఖకుడితో పోలుస్తాను. అర్థం చెడే తప్పును అతడు దాటనివ్వడు, అర్థం చెడని తప్పును పట్టించుకోడు. అందుకే దూరపు చుట్టరికానికి పండితుడు కాపాడిన భాగం చదవాలి, దగ్గరి చుట్టరికానికి పామరుడు వదిలేసిన భాగం చదవాలి.

సంకర ప్రతులు

పాఠపరిష్కర్తకు అత్యంత కష్టమైన ప్రతి ఏది? ఒకే మాతృక నుంచి కాక, రెండు మూడు ప్రతులు ఎదురుగా పెట్టుకుని, నచ్చిన పాఠం నచ్చిన చోటినుంచి తీసుకుని రాసిన ప్రతి. మహాభారత ప్రతుల్లో ఇటువంటి సంకరం ఎంత ఉందో సుఖ్‌థంకరే ఒప్పుకున్నాడు. జీవప్రపంచంలో ఒకప్పుడు ఇది మొక్కలకూ సూక్ష్మజీవులకూ పరిమితమని అనుకున్నారు. ఆ నమ్మకాన్ని సడలించిన సాక్ష్యాల్లో ఈగలవీ ఉన్నాయి.

మెలనోగాస్టర్ జీనోములో 'పి' అనే సంచార డీఎన్ఏ ముక్క ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో సేకరించి ప్రయోగశాలల్లో పెంచుతూ వచ్చిన పాత వంశాల్లో అది లేదు. తర్వాతి దశాబ్దాల్లో అడవినుంచి, తోటలనుంచి పట్టినవాటిలో ఉంది. దాదాపు 2,900 అక్షరాల ఈ ముక్కకు అత్యంత సమీపమైన పాఠం దగ్గరి బంధుజాతుల్లో కాక, దూరపు జాతి అయిన డ్రోసోఫిలా విల్లిస్టొనైలో దొరికింది. రెండింటికీ తేడా ఒక్క అక్షరం. కోట్ల ఏళ్ల క్రితం విడిపోయిన రెండు జాతుల మధ్య ఒకే అక్షరం తేడా ఉండడం వారసత్వం వల్ల సాధ్యం కాదు. ఆ ముక్క పక్కజాతి నుంచి వచ్చి చేరింది. ప్రక్షిప్త పద్యం ఒక్కటే చూసి కావ్యకర్తను నిర్ణయించబోయిన విమర్శకుడి గతి, ఆ ముక్క ఒక్కదానితో వృక్షం గీసినవాడికి పడుతుంది.

ఆఫ్రికాలోని అనాఫిలిస్ గాంబియే గుంపు ఇంకా చిక్కు సమస్య. 2015లో ఫోంటేన్ తదితరులు ఈ గుంపులోని జాతుల జీనోములను పోల్చగా, జీనోములో అధికభాగం చెప్పే వంశక్రమం, ఎక్స్ క్రోమోసోము చెప్పే వంశక్రమం వేరువేరని తేలింది. జాతుల మధ్య సంకరం వల్ల అధికభాగం కలుషితమైందని, జాతులు విడిపోయిన అసలు క్రమాన్ని ఎక్స్ క్రోమోసోములోని కొద్దిపాటి భాగమే నిలుపుకుందని వారు వాదించారు. ఇక్కడ మెజారిటీ లెక్క పనికిరాదు. ఇరవై ప్రతుల్లో పద్దెనిమిది చెప్పేది అసలు పాఠం కానక్కరలేదని బ్రౌన్ కాలం నుంచి మనకు తెలిసినదే. జన్యువుల విషయంలో మాత్రం "ఎక్కువ జన్యువులు ఇలా అన్నాయి" అనగానే తల ఊపుతాం.

బేగంపేట నుంచి పాతబస్తీకి

రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికిందరాబాద్ బేగంపేటలో ఒక దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అంతకు ముందు చాలాకాలం గోధుమరంగు దోమలను, బూడిదరంగు దోమలను కోసి చూసి విసిగిపోయాడు. ఫలితమిచ్చినది మచ్చల రెక్కల దోమ. హుసేన్ ఖాన్ అనే రోగి తనను కుట్టనిచ్చిన ప్రతి దోమకూ ఒక అణా తీసుకున్నాడు. రాస్‌కు కీటకవర్గీకరణ తెలియదు. గోధుమ, బూడిద, మచ్చల అనే విభజన అతని సొంతం. మచ్చలవి అనాఫిలిస్ ప్రజాతివన్నది తర్వాత స్థిరపడింది. అతని కష్టకాలమంతా ఒక విధంగా వర్గీకరణలో లోపమే.

పట్టణ మలేరియాకు మన దేశంలో ప్రధాన వాహకం అనాఫిలిస్ స్టీఫెన్సై. బావులు, నీటితొట్లు, మేడల మీది ట్యాంకులు దాని నెలవులు. పాతబస్తీలో హౌజ్ ఉన్న పాత దేవిడీకి, ట్యాంకు మూతలేని కొత్త ఇంటికి అది తేడా చూపదు. 1937లో స్వీట్, రావు మైసూరు ప్రాంతపు దోమలను పరిశీలించి, గుడ్డును నీటిపై తేల్చే సంచిమీది గట్ల సంఖ్యను బట్టి ఇందులో రెండు రూపాలున్నాయన్నారు. తర్వాత మధ్యస్థమైన మూడవది చేరింది. పట్టణపు రూపం వ్యాధిని బాగా మోస్తుంది, మైసొరెన్సిస్ అనే గ్రామీణ రూపం అంతగా మోయదు. ఇవి ఒకే జాతిలోని రూపాలా, మూడు సోదరజాతులా? ఇటీవలి సంవత్సరాల్లో ఒక వాసనగ్రాహక ప్రొటీన్ జన్యువులోని ఒక ఇంట్రాన్ ఆధారంగా ఇవి మూడు జాతులని కొందరు ప్రతిపాదించారు. భారతీయ పరిశోధకులు అదే ఇంట్రానును మన దోమల్లో చదివి, గుడ్డు గట్లకూ ఆ అక్షరాలకూ పొంతన లేదని 2022లో చూపారు. ఒకే ఒక్క పాఠాంతరాన్ని పట్టుకుని ప్రతులను మూడు శాఖలుగా చీల్చిన తొందరపాటు ఇది.

ఈ తొందరపాటు చిన్నది కాదు. 2012లో జిబూటీలో ఈ దోమ కనిపించింది, తర్వాత ఇథియోపియాకు చేరింది. గ్రామీణ మలేరియా తప్ప ఎరుగని ఆఫ్రికా నగరాలకు ఇప్పుడు పట్టణ దోమ వచ్చింది. దాని మైటోకాండ్రియా డీఎన్ఏ దక్షిణాసియా వైపు చూపుతోంది. ఎక్కడి తొట్టినుంచి ఏ ఓడలో ఎక్కిందో చెప్పాలంటే, ఇక్కడి దోమల పాఠాంతరాలు ముందు సరిగ్గా నమోదై ఉండాలి.

ఇండియానస్

మదీనా కూడలి దగ్గర పండ్లబండ్ల మీద ముసిరే చిన్న ఈగల్ని విద్యార్థులు పండిన అరటిపండు వేసిన సీసాలో పట్టుకురావచ్చు. ఈ సీసాల్లో డ్రోసోఫిలాతోపాటు తల నుంచి వీపు దాకా తెల్లగీతలున్న ఈగ ఒకటి దొరికే అవకాశం ఉంది. దాని పేరు జాప్రియోనస్ ఇండియానస్. 1970లో జె.పి. గుప్తా భారతదేశంలో సేకరించిన నమూనాలతో దానిని వర్ణించి ఆ పేరు పెట్టాడు. జన్యుసాక్ష్యమూ, దాని బంధుజాతుల విస్తరణా దాని పుట్టిల్లు ఆఫ్రికా అని చెబుతాయి. 1999లో బ్రెజిల్ చేరి అక్కడ అంజూర తోటలను పాడుచేసింది. జాప్రియోనస్ వేరే ప్రజాతి అన్నది కూడా పేరుకే. వృక్షంలో దాని చోటు డ్రోసోఫిలా కొమ్మల మధ్యనే. ఈగల వృక్షంలో ఇటువంటి ఆశ్చర్యాలకు కొదవ లేదు. 2011లో వీగ్‌మాన్ తదితరులు 157 కుటుంబాల్లో 149 కుటుంబాలను పోల్చి గీసిన మహావృక్షంలో డ్రోసోఫిలా కుటుంబానికి అత్యంత సన్నిహితుల్లో ఒకటిగా తేలినది, తేనెటీగల ఒంటిమీద బతికే రెక్కలే లేని బ్రౌలా. చూసినవారు దానిని పేను అనుకుంటారు.

నామకరణ నియమం ప్రకారం మొదట సక్రమంగా పెట్టిన పేరే నిలుస్తుంది. అందువల్ల ఆఫ్రికా ఈగ ఇండియానస్‌గానే ఉంటుంది. తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక విద్యార్థిని, "మరి దొరికిన ఊరిపేరుతో ప్రతిని పిలిచినట్టే కదా, రాసిన ఊరు అదే కానక్కరలేదు కదా?" అని అడిగింది. ఆమె పరిశోధిస్తున్నది మొల్ల రామాయణ ప్రతుల మీద.